సీతాకోకచిలుకది ఏ ఊరు?

కిందటి భాద్రపదంలో ఒక ఆదివారం పొద్దున మా చెల్లెలి ఇంటికి రావిర్యాల వెళ్లాను. గేటు తీసేసరికి మా బావగారు వీపున మందుకొట్టే పంపు తగిలించుకొని, ముక్కుకు తువ్వాలు చుట్టుకొని పెరట్లో నిలబడి ఉన్నారు. ఎదురుగా ఆయన నాలుగేళ్లుగా బిడ్డలాగా పెంచుకొంటున్న నిమ్మచెట్టు. ఆయనకూ చెట్టుకూ నడుమ రెండు చేతులూ బారజాపుకొని మా మేనకోడలు. ఆరో క్లాసు చదువుతున్నది.

"మామయ్యా, నువ్వైనా చెప్పు నాన్నకు. ఇవి సీతాకోకచిలుకలవుతాయా, కావా?"

ముప్ఫై ఏళ్లు బడిపిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి. "అవుతాయి" అన్నాను.

"అయ్యేలోగా నా చెట్టుకు ఆకు మిగలదండీ, బావగారూ" అన్నారాయన. అదీ అబద్ధం కాదు.

దగ్గరికి వెళ్లి చూచాను. చెట్టు మీద రెండు రకాల పురుగులున్నట్టు కనిపిస్తుంది. చిన్నవి నల్లగా తెల్లగా, అచ్చం ఆకుమీద పిట్ట వేసిన రెట్టలాగా ఉంటాయి. పెద్దవి నిమ్మాకు రంగులోనే ఉండి, వేలు తగిలేదాకా కనబడవు. రెండూ ఒకటే. చిన్నతనంలో రెట్ట వేషం, పెద్దయ్యాక ఆకు వేషం. పుల్లతో మెల్లిగా కదిలిస్తే తల వెనకనుంచి ఎర్రటి కొమ్ములు రెండు బయటికి పొడుచుకు వచ్చి ఘాటైన వాసన కొడుతుంది. చీమలూ, చిన్న పురుగులూ ఆ వాసనకు వెనక్కు తగ్గుతాయి. మా బావగారు తగ్గలేదు.

నేనూ పుణ్యాత్ముణ్ణేమీ కాను. చిన్నప్పుడు మా ఇంటి కరివేపాకు చెట్టు మీది పురుగులను ఏరి బూడిదలో వేసిన చేతులివి. మనవాళ్లు పెట్టిన పేరులోనే ఆ పక్షపాతం ఉన్నదేమో! సీతాకోకచిలుక. ఆ మాటలో సీత ఉన్నది, కోక ఉన్నది, చిలుక ఉన్నది. పురుగు మాత్రం లేదు.

చివరికి రాజీ కుదిర్చాను. పురుగులను చంపకుండా వేరే చెట్టుకు మార్చాలి. పెరటి గోడవారన కరివేపాకు ఉన్నది. "నా కరివేపాకు జోలికి వస్తే మీ ముగ్గురికీ ఇవాళ చారు లేదు" అని వంటింట్లోంచి మా చెల్లెలు కేక వేసింది. ఇక మిగిలింది గేటు పక్క మారేడు మొక్క. పిల్లా నేనూ కలిసి పదకొండు పురుగులను చిన్న రెమ్మలతో సహా కత్తిరించి మారేడు మీదికి చేర్చాము. మరునాటికి అవి మారేడాకు కొరుకుతున్నాయని పిల్ల ఫోన్‌లో చెప్పింది. అందులో వింతేమీ లేదు. నిమ్మ, కరివేపాకు, మారేడు, వెలగ, ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలు. ఆకు నలిపి వాసన చూడండి, చుట్టరికం మీకే తెలుస్తుంది.

ఆ పని ముగించి చేతులు కడుక్కొంటూ ఉండగా విమానం ఒకటి దిగుతూ మా తలమీదుగా పోయింది. శంషాబాదు విమానాశ్రయం 2008లో తెరిచినప్పటినుంచీ ఇక్కడ మాట్లాడుకొనేవాళ్లు మధ్యమధ్య ఇలా ఆగవలసిందే. ఆ చప్పుడు తగ్గాక పిల్ల అడిగింది:

"మామయ్యా, అసలు ఈ సీతాకోకచిలుకలది ఏ ఊరు?"

ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు జవాబే. అక్కడికక్కడే చెప్పలేక, ఇంటికి వెళ్లి నాలుగు పుస్తకాలు తిరగేసి, మళ్లీ వారం వచ్చి చెప్పాను.

ముందు మన నిమ్మ సీతాకోక సంగతే చూద్దాం. నలుపు మీద లేత పసుపు మచ్చలు, వెనుక రెక్క చివర ఎర్ర చుక్క. అరేబియా, ఇరాను వైపునుంచి మన దేశం మీదుగా ఆగ్నేయాసియా దాకా ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో ఫిలిప్పీన్స్, ఇండొనేషియా దీవుల్లో ఒక్కొక్కటే ఆక్రమించుకొంటూ పోయింది. 2004లో, ఎవరూ అనుకోని చోట, భూగోళానికి అవతలివైపున ఉన్న డొమినికన్ రిపబ్లిక్‌లో ప్రత్యక్షమైంది. 2006 నాటికి పక్క దీవి పోర్టోరికోలో ఉన్నది. తరువాత జమైకాకూ, క్యూబాకూ వెళ్లింది. అంత సముద్రం అది ఎగిరి దాటలేదు. ఏ నారింజ మొక్కతోనో, ఏ ఓడ సరుకుతోనో పోయి ఉంటుందని ఊహ. దిగిన చోట నిమ్మ, నారింజ తోటలు సిద్ధంగా ఉన్నవి. ఇక దానికి అడ్డేమున్నది?

ఇందులో నాకు నచ్చిన ముచ్చట ఇంకొకటున్నది. ఇదే జాతి ఆస్ట్రేలియాలోనూ ఉన్నది. కాని అక్కడి పురుగులు నిమ్మను ముట్టవు. చిక్కుడు కుటుంబానికి చెందిన ఒక అడవి మొక్కను తింటాయి. చూడటానికి ఒకటే సీతాకోక, భోజనం దగ్గర మాత్రం వేరు కాపురం.

ఆకును ఎంచుకొనేది తల్లి. ఆకుమీద వాలి ముందుకాళ్లతో టకటకా తట్టుతుంది. వాటికి రుచి తెలిసేది కాళ్లతోనే. రసం సరయినదైతే గుడ్డు పెడుతుంది, కాకపోతే లేచిపోతుంది. మన కళ్లకు అది ఆడుకొంటున్నట్టు ఉంటుంది గాని, నిజానికది పుట్టబోయే పిల్లలకు ఇల్లు వెతకడం. ప్రపంచంలోని సీతాకోకలలో మూడింట రెండు వంతుల జాతులు ఒక్కొక్కటీ ఒక్క కుటుంబపు మొక్కలనే తిని బతుకుతాయి. ఎంత దూరమైనా రెక్కలు మోసుకుపోతాయి, నిజమే. ఎక్కడ నిలవాలో చెప్పేది మాత్రం ఆకు. ఈ ఒక్క మాట పట్టుకొంటే మిగతా కథంతా విప్పుకొంటూ పోవచ్చు.

కథ మొదలు చాలా వెనక ఉన్నది. ఎంత వెనకో తేల్చడం సులభం కాలేదు. ఏనుగు ఎముకలలాగా సీతాకోక రెక్కలు భూమిలో నిలవవు. రాతిలో అచ్చుపడి దొరికినవి వేళ్లమీద లెక్కపెట్టదగినన్ని. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని ఫ్లోరిసెంట్ అనే చోట దొరికిన ఒకదాన్ని 1878లో శామ్యూల్ స్కడర్ వర్ణించాడు. సుమారు 3 కోట్ల 40 లక్షల ఏళ్ల కిందటిది; రెక్కమీది మచ్చలు కూడా చెదరలేదు. కాని అలాంటి అదృష్టాలు ఎన్ని ఉంటాయి?

అందుచేత శాస్త్రజ్ఞులు వేరే దారి పట్టారు. మన తాళపత్ర గ్రంథాల సంగతి మీకు తెలుసు గదా. ఒక లేఖకుడు రాసిన ప్రతిలో తప్పు దొర్లితే, దాన్ని చూచి రాసిన ప్రతులన్నిటిలోనూ ఆ తప్పే ఉంటుంది. తప్పులు పోల్చి చూస్తే ఏ ప్రతికి ఏది తల్లో తెలుస్తుంది. ప్రాణుల కణాల్లో ఉండే జన్యువులూ అలాంటి ప్రతులే. తరతరానికీ నకలు తీస్తున్నప్పుడు అక్కడక్కడా అక్షరం మారుతుంది. ఆ మార్పులు లెక్కగడితే వంశవృక్షం గీయవచ్చు. ఏ కొమ్మ ఎప్పుడు చీలిందో సుమారుగా చెప్పవచ్చు.

2023లో అలాంటి మహా వంశవృక్షం ఒకటి వెలువడింది. ఫ్లోరిడా మ్యూజియంకు చెందిన అకిటో కవహారా, అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి తయారుచేసింది. 90 దేశాలనుంచి సేకరించిన సుమారు 2300 జాతుల సీతాకోకలు, 391 జన్యువులు. భూమ్మీద ఉన్న సీతాకోక జాతులు మొత్తం 19 వేలకు దగ్గరగా ఉంటాయి. మన దేశంలోనివి సుమారు 1300. వాళ్లు తేల్చినదేమిటంటే, ఇవన్నీ సుమారు 10 కోట్ల ఏళ్ల కిందట ఒక్క మూలంనుంచి పుట్టాయి. పుట్టిన చోటు ఉత్తర అమెరికా పడమటి భాగమో, మధ్య అమెరికాయో.

మూలపురుషులు ఎవరంటే, రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే పురుగులే. వాటిలో ఒక శాఖ పగటి పూట ఎగరడం మరిగింది. గబ్బిలాల బాధ తప్పించుకోవడానికి పగటికి మారాయని వెనుక ఒక ఊహ ఉండేది. కాని గబ్బిలాలు అప్పటికింకా పుట్టనే లేదు. పూలలో తేనె ఉన్నది, పూలు పగలు విచ్చుతాయి. అదే కారణమై ఉండవచ్చునని ఇప్పుడు అంటున్నారు. ఇక ఆ తొలి సీతాకోకల పిల్లలు తిన్న ఆకు ఏమిటో తెలుసా? చిక్కుడు కుటుంబపు ఆకే. కంది, పెసర, జనుము, తంగేడు, తుమ్మ, ఇవన్నీ ఆ కుటుంబంలోనివే. ఆస్ట్రేలియాలోని మన నిమ్మ సీతాకోక తినే అడవి మొక్కా ఆ కుటుంబానిదే.

అక్కడినుంచి బయలుదేరాయి. కొన్ని దక్షిణ అమెరికా చేరాయి. ఆనాడు అంటార్కిటికాలో ఇప్పటి మంచు లేదు. వెచ్చగా, ఆస్ట్రేలియాతో కలిసి ఉండేది. దానిమీదుగా కొన్ని ఆస్ట్రేలియాకు పోయాయి. మరికొన్ని ఉత్తరాన, అలాస్కానుంచి సైబీరియాకు అప్పుడున్న నేలవంతెన దాటి ఆసియాలో దిగాయి. దిగి నాలుగు దిక్కులకూ విస్తరించాయి. ఆగ్నేయాసియాకూ, అరేబియా వైపుకూ, ఆఫ్రికా కొమ్ముకూ వెళ్లాయి. ఐరోపా గడప దగ్గరకు వచ్చి మాత్రం ఎందుకో ఆగిపోయాయి. కోట్ల ఏళ్లు ఆగి అప్పుడు లోపలికి వెళ్లాయి. ఐరోపాలో జాతులు తక్కువగా ఉండటానికి అదొక కారణమంటారు.

మరి మన దేశం? అప్పటికి మనది దేశం కాదు, దీవి. మడగాస్కరునుంచి విడివడి ఉత్తరానికి కదులుతూ, నాలుగు వైపులా సముద్రం మధ్య ఉన్నది. ఆ దీవి పడమటి భాగాన 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి చీలి లావా పారింది. మన వికారాబాదు దాకా వచ్చిన ఆ నల్లరాయి ఇప్పటికీ ఉన్నది. సీతాకోకలు ఆ దీవికి చేరినది సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట, సముద్రం దాటి! ఆ తరువాత దీవి పోయి ఆసియాకు గుద్దుకొన్నది, హిమాలయాలు లేచాయి. ఇక అటు బర్మా వైపునుంచీ ఇటు అరేబియా వైపునుంచీ రాకపోకలకు దారి పడింది.

ఈ కథ చెప్పినప్పుడు పిల్లా నేనూ చెరువు దారిలో ఒక గుండురాయి మీద కూర్చున్నాము. "అప్పుడీ రాయి ఉన్నదా మామయ్యా?" అన్నది. ఉన్నది. ఇక్కడి గుండ్ల వయస్సు సుమారు 250 కోట్ల ఏళ్లు. మొదటి సీతాకోక వచ్చి వాలేనాటికే ఇది ముసలి రాయి.

రాయి దిగి కంచె వెంట నడిచాము. రావిర్యాలను నేను 2008కి ముందునుంచీ ఎరుగుదును. అప్పుడిది చెరువూ, గుండ్లూ, కంది చేలూ, సీతాఫలం పొదలూ. తరువాత విమానాశ్రయం, ఔటర్ రింగురోడ్డు, 2016లో వండర్‌లా వినోదోద్యానం వచ్చాయి. చేలు ఫ్లాట్లయ్యాయి. మా బావగారి ఇంటి పక్క ఖాళీ స్థలంలో మాత్రం పాత చేను గట్టు ఒకటి మిగిలి ఉన్నది. గట్టు పొడుగునా జిల్లేడు, తంగేడు, అక్కడక్కడా అడవి జనుము. కింద గడ్డిచేమంతి, గంగవాయిలి కూర. ముప్ఫై గజాలుంటుందేమో. ప్రపంచమంతా తిరిగినవాళ్లు ఆ ముప్ఫై గజాల్లో కాపురమున్నారు.

జిల్లేడు ఆకు తిరగేస్తే నలుపు, తెలుపు, పసుపు పట్టీల పురుగు కనిపించింది. పెద్దయితే నారింజ రంగు రెక్కలు, నల్లటి కొసలు, వాటిమీద తెల్ల పట్టె. ఇంగ్లీషులో ప్లెయిన్ టైగర్ అంటారు. ఆఫ్రికానుంచి ఆస్ట్రేలియా దాకా దీని రాజ్యమే. ఈజిప్టులో నెబామూన్ అనే ఉద్యోగి సమాధి గోడమీద, సుమారు 3400 ఏళ్ల కిందటి చిత్రంలో, నైలునది రెల్లుపొదల్లో ఎగురుతున్నది ఇదే. ఆ గోడ ముక్క ఇప్పుడు లండనులో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. ఆ సీతాకోక మాత్రం రావిర్యాలలోనూ ఉన్నది.

జిల్లేడు పాలు విషమని మనకు తెలుసు. ఈ పురుగు ఆ విషాన్ని ఒంట్లో దాచుకొంటుంది. రెక్కలు వచ్చాక కూడా ఆ చేదు పోదు. దీని చుట్టమే అమెరికాలోని మోనార్కు. దాన్ని తిన్న పక్షి కాసేపటికి వాంతి చేసుకొంటుందనీ, మళ్లీ ఆ రంగు చూస్తే చాలు ముట్టదనీ 1960లలో లింకన్ బ్రౌవర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రయోగాలు చేసి చూపించాడు. కొట్టొచ్చినట్టున్న ఆ రంగు అలంకారం కాదు, హెచ్చరిక బోర్డు.

బోర్డుకు అంత విలువ ఉన్నప్పుడు దొంగ బోర్డులు రాకుండా ఉంటాయా? ఆ గట్టు మీదనే ఇంకొక నారింజరంగు సీతాకోక ఎగురుతున్నది. "ఇదీ అదే గదా" అన్నది పిల్ల. కాదు. వెనుక రెక్క నడుమ చూడమన్నాను. మూడు నాలుగు నల్లచుక్కలుంటే అసలు. ఒక్కటే ఉంటే నకలు. ఈ నకలుది ఆడజన్మ. దాని మగవాడు ఈ వేషం వేయడు. నల్లటి మఖమల్ రెక్కలమీద ఊదా అంచుతో ఆరు తెల్ల మచ్చలు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఆలుమగలని ఎవరూ నమ్మరు. గుడ్లు పెట్టే బాధ్యత ఆడదానిది, గనుక ప్రాణం కాపాడుకోవలసిన అగత్యమూ ఆమెదే ఎక్కువ.

ఈ వేషాల గుట్టు మొదట విప్పినవాడు హెన్రీ బేట్స్ అనే ఇంగ్లీషువాడు. 1848నుంచి 1859 దాకా, పదకొండేళ్లు అమెజాన్ అడవుల్లో గడిపి, 1862లో ప్రచురించాడు. పక్షికి ఏ కొంచెమైనా చేదు సీతాకోకలాగా కనబడినది బతికింది, కనబడనిది పక్షి పాలయింది. బతికినవాటి పిల్లల్లో ఇంకా ఎక్కువ పోలిక ఉన్నవి ఇంకా ఎక్కువ బతికాయి. అలా లక్షల తరాలు. కూర్చుని రంగులు దిద్దినవాడెవడూ లేడు. దిద్దింది పక్షి ముక్కు. డార్విన్ సిద్ధాంతానికి అంత చక్కని సాక్ష్యం అప్పటికి మరొకటి దొరకలేదు. ఇలాంటిదే మన కరివేపాకు మీద పెరిగే నల్ల సీతాకోకలోనూ ఉన్నది. దాని ఆడవాటిలో కొన్ని వేరే విషపు సీతాకోక వేషంలో తిరుగుతాయి. ఆ వేషమంతా ఒకే ఒక్క జన్యువు చేతిలో ఉన్నదని 2014లో తేలింది.

మళ్లీ మన నకలు దగ్గరికి వద్దాం. దాని పిల్లలు తినేది గంగవాయిలి కూర. మా చెల్లెలు పప్పులో వేసేది ఆ కూరే. ఈ సీతాకోక ఆఫ్రికా, ఆసియాలది. కాని వెస్టిండీసు దీవుల్లోనూ, దక్షిణ అమెరికా ఉత్తర తీరాన్నీ కూడా ఉన్నది. ఎలా వెళ్లింది? ఆఫ్రికానుంచి బానిసలను తీసుకుపోయిన ఓడల్లో వెళ్లి ఉంటుందని చాలామంది అభిప్రాయం. గంగవాయిలి కూర ప్రపంచమంతా మొలుస్తుంది. దిగినవాళ్లకు కూర దొరికింది, నిలిచారు. మనుషులను గొలుసులు వేసి తోలుకుపోయిన ఓడలో ఇదీ పోయిందంటే, ఆ సీతాకోకను చూస్తున్నప్పుడు నాకు మనస్సు అదోలా అవుతుంది.

రెక్కలతోనే సముద్రం దాటినవీ ఉన్నాయి. పెయింటెడ్ లేడీ అని నారింజ, నలుపు కలిసిన చిన్న సీతాకోక ఉన్నది. 2013 అక్టోబరులో అది ఉండకూడని చోట, దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా సముద్రపు ఒడ్డున, జెరార్డ్ తలవేరా అనే శాస్త్రజ్ఞునికి కనిపించింది. రెక్కలు చిరిగి, అలసి ఇసుకలో పడి ఉన్నాయి. వాటి ఒంటిమీది పుప్పొడి పరీక్షిస్తే ఆఫ్రికా మొక్కలది. గాలి ఊతంతో అట్లాంటిక్ మహాసముద్రం మీద 4200 కిలోమీటర్లు దాటి వచ్చాయని 2024లో తేల్చి ప్రకటించారు. ఇలాంటి బరువులేని ప్రాణి! మనం బస్సులో సీటు దొరకలేదని ఊరికి పోవడం మానుకొంటాం.

మన దక్షిణాదిలోనూ వలసలున్నాయి. నల్లని రెక్కమీద లేతనీలం గీతలున్న సీతాకోకను మీరు చూచే ఉంటారు. దాని శాస్త్రీయనామంలో మొదటి మాట ఏమిటనుకొన్నారు? తిరుమల! 1880లో ఫ్రెడరిక్ మూర్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పెట్టాడు. ఇవీ, వీటి చుట్టాలూ నైరుతి వానలు విరుచుకుపడే ముందు పడమటి కనుమలనుంచి గుంపులు గుంపులుగా తూర్పు మైదానాలకూ, తూర్పు కనుమలకూ వస్తాయి. వానలు వెలిశాక మళ్లీ పడమటికి పోతాయి. కృష్ణమేఘ్ కుంటే అనే శాస్త్రజ్ఞుడు వీటిని లెక్కగట్టి 2005లో రాశాడు. తిరుగు ప్రయాణం చేసేవి చాలావరకు తరువాతి తరం. దారి చెప్పేవారెవరూ ఉండరు. దారిలో అడవి జనుము కనిపిస్తే మాత్రం మగవన్నీ దానిమీద ముసురుకొంటాయి. జత కట్టడానికి కావలసిన వాసన వాటికి ఆ రసంనుంచే వస్తుంది.

మేము కంచె దగ్గర వంగి చూస్తుంటే గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఒకడు ఆగాడు.

"ఏం ఎతుకుతున్నరు సారూ?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. కర్ర మీద గడ్డం ఆనించి అన్నాడు:

"ఎనకట గీ చెలకల నిండ గివే. వానలు పడ్డంక తంగేడు మీద పసుపు సల్లినట్టు ఉంటుండె. ఇప్పుడు చెలకలన్నీ పలాట్లాయె. పలాట్ల ఏముంటది సారూ, హద్దు రాళ్లు తప్ప."

పసుపు చల్లినట్టు అని ఆయన చెప్పినవాటి పేరే ఇంగ్లీషులో ఎమిగ్రెంటు, అంటే వలసదారు. తంగేడు, రేల ఆకు తిని, గుంపులుగా బయలుదేరి పోయేవి. ఊరి సీతాకోకలలో పాత కాపుల కూడు తినేవి ఇవే. తొలి సీతాకోకలు తిన్న చిక్కుడు కుటుంబాన్ని వదలలేదు. కంది పూత మీద తిరిగే చిన్న నీలి సీతాకోకా అంతే. దాని పురుగు కాయలో దూరి గింజ తింటుంది. ఐరోపా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, హవాయి, చిక్కుడు జాతి పండే చోటల్లా ఉంటుంది. రైతుకు అది సంతోషం కాదు, ఆ మాట కూడా చెప్పాలి.

ఇంటికి వచ్చాక అసలు సంగతి తెలిసింది. ఆ ఖాళీ స్థలం మా బావగారు కొన్నారట. గట్టు చదును చేసి ప్రహరీ కట్టాలి. సోమవారం జేసీబీ వస్తుంది. పిల్ల అన్నం ముందునుంచి లేచిపోయింది. నేను నోరు మెదపలేదు. స్థలం ఆయనది, అప్పు చేసి కొన్నది, గోడ లేకపోతే రేపు ఎవరైనా ఆక్రమిస్తారు. ఈ చుట్టుపక్కల స్థలాల సంగతి తెలిసినవాడెవడూ ఆయన్ను తప్పు పట్టడు. ముప్ఫై గజాల ముళ్లకంపకోసం గోడ ఆపమని చెప్పడానికి నాకు ముఖం చెల్లలేదు.

మాట్లాడింది మా చెల్లెలు. సీతాకోకల మాటే ఎత్తలేదు. "వచ్చే వారం పెత్తరమాస. తంగేడు పూవు లేకుండా బతుకమ్మ పేరుస్తానా? సద్దుల బతుకమ్మ వెళ్లేదాకా ఆ గట్టు మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు" అన్నది. అంతే. జేసీబీ దసరా తరువాతికి వాయిదా పడింది.

నేను మనస్సులో లెక్క వేసుకొన్నాను. గుడ్డు మూడు నాలుగు రోజులు, పురుగు రెండు వారాలు, గూడులో మరొక పది రోజులు. ఇవాళ పురుగుగా ఉన్నవన్నీ దసరా నాటికి రెక్కలతో ఉంటాయి. పిల్ల గూళ్లు లెక్కపెట్టింది. జిల్లేడు ఆకుల కింద బంగారు చుక్కలతో, చెవికమ్మల్లాగా వేలాడుతున్నవి ఏడు. మారేడు మీద మిగిలినవి నాలుగు. మిగతా ఏడింటిని ఏ పిట్టో, ఏ కందిరీగో తీసుకుపోయి ఉంటుంది. అదీ లెక్కలో భాగమే.

దసరా వెళ్లిన మూడోనాడు జేసీబీ వచ్చింది. గంటన్నర పని. గట్టు పోయింది, ఎర్రమట్టి మిగిలింది. అంతకుముందు రోజుకు జిల్లేడు మీది గూళ్లలో ఆరు ఖాళీ అయ్యాయి. ఏడోదాన్ని పిల్ల ఆకుతో సహా తెచ్చి కిటికీ చువ్వకు దారంతో కట్టింది. రెండు రోజులకు రెక్కలు విప్పుకొని, కాసేపు ఆరబెట్టుకొని, కొత్త గోడకోసం తవ్విన పునాది మీదుగా చెరువు వైపు పోయిందట. నిమ్మచెట్టుకు కొత్త చిగురు వచ్చింది. బావగారు పంపును అటక మీద పెట్టారు. దించరని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

కార్తీకంలో ఒక రాత్రి ఫోన్ మోగింది.

"మామయ్యా, గోడ అవతల జిల్లేడు మళ్లీ మొలిచింది. జానెడున్నది. పొద్దున ఒక ప్లెయిన్ టైగర్ దానిమీద వాలి కాళ్లతో కొడుతుంటే చూచాను. గుడ్డు పెట్టిందో లేదో ఆకు తిప్పి చూడనా?"

జిల్లేడును వేళ్లతో సహా పెరకకపోతే అది చావదు. తెల్లవారాక చూడమన్నాను. ఆకు తుంచవద్దనీ, పాలు కంట్లో పడకుండా జాగ్రత్తగా ఉండమనీ చెప్పాను.